మీ బొమ్మలో చక్రం చోటు తప్పింది

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో అమెరికాలో చిన్న కార్ల వెనక తగిలించుకుని తిరిగే టియర్‌డ్రాప్ ట్రెయిలర్ల మీద, అంటే లోపల ఇద్దరు పడుకునే కన్నీటి బొట్టు ఆకారపు చిన్న పెట్టె బళ్ల మీద, ఒక వ్యాసం వేశారు, ఫొటోలు బాగున్నాయి, రాసినాయన సరదాగా రాశారు, మా ఆవిడ అయితే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి మా ఫ్యామిలీ గ్రూపులన్నిట్లో పెట్టేసింది. కానీ అందులో రెండు మాటలు చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నా. ఒకటి, "ఏ చిన్న కారుకైనా తగిలించొచ్చు, వెనక ఏదో ఉందని కారుకు తెలియనే తెలియదు" అన్నారు. రెండోది మాట కాదు బొమ్మ. ట్రెయిలర్ పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో గీసిన బొమ్మలో చక్రం సరిగ్గా పెట్టె మధ్యలో ఉంది, వంట సామాను, నీళ్లు, ఐస్ పెట్టె అన్నీ వెనక తలుపు దగ్గర ఉన్నాయి. నేను అంతకుముందే అచ్చం ఆ బొమ్మలో ఉన్నట్టే చేసి చావు తప్పి కన్ను లొట్టపోయిన బాపతు, అందుకని.

మేం నార్త్ కరోలినాలో కేరీలో ఉంటాం. మాది ఒక చిన్న సుబారు. పిల్లలు కాలేజీలకి వెళ్లాక ఇద్దరమే కదా, టెంట్‌లో నేల మీద పడుకుంటే నడుం పట్టేస్తోంది, హోటల్ అంటే రాత్రికి ఎంతో మీకు తెలిసిందే, పెద్ద ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి బండి, కొనే స్తోమత లేదు, పెట్టుకునే చోటూ లేదు. అప్పుడు టియర్‌డ్రాప్ మీద మనసు పడింది. ఇది కొత్త ఫ్యాషన్ ఏం కాదు, 1930ల నుంచీ అమెరికాలో ఉన్నదే, 1947లో ఇక్కడి మెకానిక్స్ పత్రికల్లో ఇంట్లోనే చేసుకునేలా ప్లాన్లు కూడా వేశారు. దాని సైజు ఎందుకు నాలుగడుగుల వెడల్పు ఎనిమిదడుగుల పొడవు అంటే ప్లైవుడ్ షీటు సైజు అదే గనక, అంతకుమించి శాస్త్రం ఏం లేదు.

సరిగ్గా అప్పుడే మా నాన్న ఆరు నెలల వీసా మీద వచ్చాడు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, వడ్రంగం మా తాతల నాటి పని, మా నాన్న కుర్రతనంలో ఎద్దుబళ్లు చేశాడు, ట్రాక్టర్లు వచ్చాక తలుపులూ కిటికీలూ చేసుకున్నాడు. నేను ల్యాప్‌టాప్‌లో టియర్‌డ్రాప్ ఫొటో చూపిస్తే కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇది గూడుబండే కదరా, ఎద్దులు లేవంతే" అన్నాడు. నిజమే, రెండు చక్రాలు, ఒక ఇరుసు, ముందుకి లాగడానికి ఒక పొడవాటి నొగ, పైన వంపు తిరిగిన గూడు. పెళ్లికూతుర్ని అత్తారింటికి తీసుకెళ్లిన బండినే వీళ్లు అల్యూమినియంతో చేసుకుని క్యాంపింగ్ అంటున్నారు అని ఆయన నవ్వు. నేనూ నవ్వాను, అక్కడ ఆగిపోయాను, ఆ పోలికని ఇంకొంచెం ముందుకి తీసుకెళ్లి ఉంటే ఆ తర్వాత జరిగింది జరిగేది కాదు.

అసలు ఏ కారుకైనా తగిలించొచ్చు అనేది తప్పు. అమెరికాలో అమ్మే కరోలా, సివిక్ లాంటి కార్ల మాన్యువల్ తీసి చూడండి, ట్రెయిలర్ లాగడానికి పనికిరాదు అనే ఉంటుంది. మా సుబారుకి మాన్యువల్లో 1500 పౌండ్లు అని ఉంది, అంటే 680 కిలోలు, కానీ దాని కిందే ట్రెయిలర్‌కి సొంత బ్రేకులు లేకపోతే 1000 పౌండ్లే అని ఇంకో లైన్ ఉంది, అది నేను మొదట చదవలేదు, చదివినా పట్టించుకోలేదు. ఇంకో లైన్ కూడా ఉంది, నొగ మీద పడే బరువు 150 పౌండ్లు మించకూడదని. ఈ మూడు అంకెలు కాగితం మీద రాసి గరాజ్ గోడకి అంటించాకే కొలతలు మొదలుపెట్టాలి, మేం పరుపు సైజు నుంచి మొదలుపెట్టాం.

లండన్‌లో ఉండే మా తోడల్లుడు మాత్రం ఇదే కరోలాతో అక్కడ హాయిగా లాగుతున్నారు కదా అని వాదిస్తాడు. అక్కడ లెక్క వేరండీ. యూరప్‌లో చాలా చోట్ల ట్రెయిలర్ కడితే స్పీడు తగ్గించి తీరాలి, జర్మనీలో మామూలుగా 80 కిలోమీటర్లు, బ్రిటన్‌లో మోటార్‌వే మీద కూడా 60 మైళ్లే. నొగ మీద బరువు తక్కువైతే స్పీడులో ట్రెయిలర్ తోక ఊగుతుంది, అక్కడ స్పీడు తక్కువ గనక వాళ్లు నొగ మీద ట్రెయిలర్ మొత్తం బరువులో ఐదారు శాతం ఉన్నా నెట్టుకొస్తారు. అమెరికాలో 70 మైళ్ల రోడ్డు మీద అందరూ 75లో పోతుంటారు, ఇక్కడ చెప్పే లెక్క 10 నుంచి 15 శాతం. కాలిఫోర్నియాలో మాత్రం ట్రెయిలర్ ఉంటే 55 దాటకూడదు. ఒక దేశం అంకె ఇంకో దేశం రోడ్డు మీద వాడకూడదు, మీ వ్యాసంలో ఆ రెండూ కలిసిపోయాయి.

మా మొదటి బండి ఎలా చేశామో చెప్తా. నాలుగూ ఎనిమిది అడుగుల ఇనప ట్రెయిలర్ ఫ్రేము కొన్నాం, బోల్టులు బిగించుకునేది. పక్క గోడలకి ముప్పావు అంగుళం బర్చ్ ప్లైవుడ్ తెచ్చాను, గట్టిగా ఉంటుంది కదా అని. ఒక్కో షీటు 70 పౌండ్ల దాకా ఉంది, ఇద్దరం మోసి మోసి రొప్పాం. మా నాన్న దాన్ని తట్టి చూసి, "ఇది గోడకా, గుమ్మానికా" అన్నాడు. ఆయన మాట విని గోడల్ని అస్థిపంజరంలాగ కోశాం, అంచులూ తలుపు చుట్టూ కర్ర ఉంచి మిగతాది చిల్లులు చేసి అందులో గులాబీ రంగు ఫోమ్ షీటు కూర్చాం. ఆ ఫోమ్ షీటు మొత్తం నాలుగైదు పౌండ్లు కూడా ఉండదు, చలీ వేడీ ఆపుతుంది, రెండు వైపులా ఎనిమిదో వంతు అంగుళం ప్లై అంటిస్తే ఆశ్చర్యం, అంత మందం కర్రలాగే గట్టిగా నిలబడింది. పైన అల్యూమినియం రేకు, షీటు పద్దెనిమిది పౌండ్లు. చిత్రిక పట్టడానికి నాన్న ఊళ్లోంచి తన పాత చిత్రికే తెచ్చుకున్నాడు, ఎయిర్‌పోర్టులో చెక్ఇన్ బ్యాగ్ విప్పించి ఇదేంటని అడిగారట. ఇక్కడి మిషన్లంటే ఆయనకి చిన్నచూపు, కానీ జిగ్ సా అనే కరెంటు రంపం ఒక్కటి మాత్రం వదల్లేదు.

సుఖం సంగతి. దీని మీద మీ వ్యాసంలో రెండు లైన్లే ఉన్నాయి, నిజానికి దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తేలిగ్గా చేసిన బండిలో నిద్ర పట్టకపోతే ఆ తేలిక దేనికి. నాలుగడుగుల వెడల్పు అంటే లోపల 46 అంగుళాలు మిగుల్తుంది, మామూలు డబుల్ పరుపు 54, క్వీన్ సైజు 60. ఇద్దరు ఒకరినొకరు గుద్దుకోకుండా పడుకోవాలంటే ఐదడుగుల పెట్టె చెయ్యాలి, కానీ అది గాలికి ఇంకా ఎక్కువ ఎదురు నిలుస్తుంది. గాలి దెబ్బ స్పీడు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, 55 నుంచి 75కి వెళ్తే దాదాపు రెట్టింపు. మేం నాలుగడుగులతోనే సర్దుకున్నాం, సర్దుకున్నాం అంటే మా ఆవిడ సర్దుకుంది, నేను మోచెయ్యి ముడుచుకుని పడుకుంటున్నా.

ఎత్తు విషయంలో నాన్న చేసిన పని నాకు నచ్చింది. హాల్లో నాలుగంగుళాల పరుపు నేల మీద వేసి నన్నూ మా ఆవిడనీ గోడకి ఆనించి కూర్చోబెట్టి నెత్తి మీద పెన్సిల్ గీత పెట్టాడు. నాది పరుపు మీద నుంచి 36 అంగుళాలు. దానికి మూడు వేళ్లు కలిపి, అక్కడ గూడు ఎత్తు ఎక్కువ ఉండాలి, తల వైపు చివర్లోనూ కాదు నడిమధ్యలోనూ కాదు, దిండు నుంచి రెండడుగులు దిగువన, ఎందుకంటే మనిషి లేచి కూర్చునేది అక్కడే అన్నాడు. చాలామంది వంపు అందంగా రావాలని ఎత్తంతా మధ్యలో పెట్టి లేచినప్పుడల్లా నెత్తి కొట్టుకుంటారు. కాళ్లు వెనక వంట అరల కిందకి దూరతాయి కాబట్టి అక్కడ ఎత్తు అక్కర్లేదు, అడుగున్నర ఉంటే చాలు. తలుపులు రెండు పక్కలా పెట్టండి, ఒకటి పెడితే పదిహేను పౌండ్లు మిగుల్తాయి గానీ అర్ధరాత్రి ఒకళ్లు ఇంకొకళ్ల మీద నుంచి పాక్కుంటూ బయటికి వెళ్లాలి, మా వయసులో అది రెండు మూడుసార్లు తప్పదు.

ఇంకోటి చెమ్మ. ఇద్దరు మనుషులు రాత్రంతా ఊపిరి వదిలితే అర లీటరు దాకా నీరు గాల్లోకి పోతుంది, ఇంత చిన్న పెట్టెలో అది చల్లటి రేకు మీద చేరి పొద్దున్నకి మొహం మీద చుక్కలు పడతాయి. మొదటి రాత్రి మా ఆవిడ వాన పడుతోంది, కారుతోంది అని నన్ను లేపింది, బయట చూస్తే చుక్కలు మెరుస్తున్నాయి. కప్పులో పద్నాలుగు అంగుళాల చదరం కోసి 12 వోల్టుల ఫ్యాన్ పెట్టాక, ఎదుటి మూల కిటికీ రెండు వేళ్లు తెరిచి ఉంచాక తగ్గింది. చలేస్తోందని లోపల స్టవ్ వెలిగించేవాళ్లు ఉంటారు, మీ ఫొటోలో ఒకాయన అలా కూర్చుని టీ కాస్తున్నాడు కూడా, దయచేసి అలాంటివి వెయ్యకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలో పోతే తెలియదు. వంట ఎప్పుడూ వెనక తలుపు ఎత్తి బయట నిలబడే.

ఇక అసలు సంగతి. బండి పూర్తయ్యింది, నంబర్ ప్లేట్ వచ్చింది, అక్టోబర్‌లో స్మోకీ మౌంటెన్స్‌కి బయల్దేరాం. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ఉండదు కాబట్టి పెద్ద లెడ్ బ్యాటరీ 60 పౌండ్లది వెనక వంట అర కింద పెట్టాను, ఐదు గ్యాలన్ల నీళ్ల డబ్బా దాని పక్కన, ఐస్ పెట్టె, ఇనప దోసె పెనం, కుక్కర్, బియ్యం, మా ఆవిడ చేసిన గోంగూర సీసా, అన్నీ వెనకే. మీ బొమ్మలో ఉన్నట్టే, చక్రం కూడా ఇంచుమించు మధ్యలోనే. ఐ-40 హైవే మీద స్టేట్స్‌విల్ దగ్గర ఒక పెద్ద ట్రక్కు మమ్మల్ని దాటుకుని పోయింది, ఆ గాలికి ట్రెయిలర్ తోక ఒకసారి అటు ఊగింది, సరే అనుకున్నా, ఇటు ఊగింది, ఇంకా ఎక్కువ ఊగింది, అద్దంలో చూస్తే మా గూడుబండి ఒకసారి కుడి అద్దంలో ఒకసారి ఎడమ అద్దంలో కనిపిస్తోంది, కారు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టుంది. నేను బ్రేక్ తొక్కబోయాను, వెనక సీట్లోంచి నాన్న "తొక్కొద్దు తొక్కొద్దు, వదిలెయ్" అని అరిచాడు. ఆయనకి కారు నడపడం రాదు. కాలు తీసేసి స్టీరింగ్ కదపకుండా పట్టుకున్నాను, స్పీడు 45కి వచ్చేసరికి అదే సర్దుకుంది. ఇక్కడి నిపుణులు చెప్పేది కూడా అదే, బ్రేక్ వెయ్యొద్దు, స్టీరింగ్‌తో సరిచెయ్యబోవద్దు, యాక్సిలరేటర్ వదిలి దానంతటది తగ్గనివ్వాలి.

రెస్ట్ ఏరియాలో ఆపాం. నా చేతులు వణుకుతున్నాయి. నాన్న దిగి ట్రెయిలర్‌ని కారు నుంచి విడదీయమన్నాడు, నొగ కొస పట్టుకుని ఒంటి చేత్తో పైకెత్తాడు, డెబ్భై నాలుగేళ్ల మనిషి. ఎత్తి, "కాడి లేస్తోందిరా" అన్నాడు.

ఎద్దుబండి తోలిన వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బండిలో వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ కింది పలుపు గొంతుకి బిగుస్తుంది, ముందు ఎక్కువైతే మెడలు వంగిపోతాయి. అందుకే ధాన్యం ఎత్తేటప్పుడు ఆఖరి రెండు బస్తాలు ఎక్కడ వెయ్యాలో బండి తోలేవాడే చెప్తాడు, ఎత్తు ఎక్కేటప్పుడు తనే ముందుకి జరిగి నొగ మీద కూర్చుంటాడు. ఎద్దు అయితే గింజుకుని చెప్తుంది, కారు చెప్పదు, ట్రక్కు పక్కనుంచి పోయేదాకా ఊరుకుంటుంది. నేను ఇంజినీరింగ్ చదివిన వాణ్ణి, టార్క్ అనీ సెంటర్ ఆఫ్ గ్రావిటీ అనీ పరీక్షల్లో రాసిన వాణ్ణి, ఇంట్లో బండి చేసిన మనిషిని పెట్టుకుని వెనక అరలో నీళ్ల డబ్బా పెట్టినప్పుడు ఆయన్ని అడగలేదు. ఆయనా అడగలేదు, "కారు సంగతి నాకేం తెలుసు, ఇది వేరేమో అనుకున్నా" అన్నాడు తర్వాత.

ఇంటికి తిరిగొచ్చాక ప్రయాణంలో ఉన్న సామానంతా అలాగే ఉంచి తూకం వేశాం. మొత్తం బరువు ట్రక్ స్టాపులో బళ్లు తూచే క్యాట్ స్కేల్ మీద, నొగ బరువు బాత్రూం కాటా మీద చెక్క దిమ్మ నిలబెట్టి. మొత్తం 1080 పౌండ్లు, నొగ మీద 38. అంటే మూడున్నర శాతం, పది ఉండాల్సిన చోట. పైగా బ్రేకులు లేకుండా వెయ్యి దాటేశాం.

లెక్క చాలా సింపుల్, కాగితం చాలు. ఇరుసు నుంచి హిచ్ బాల్ దాకా, అంటే కారు వెనక నొగ తగిలించే ఇనప గుండు దాకా, మాకు 108 అంగుళాలు. ఒక వస్తువు ఇరుసుకి ఎన్ని అంగుళాలు ముందుంటే దాని బరువుని ఆ అంగుళాలతో గుణించి 108తో భాగిస్తే నొగ మీద అంత కలుస్తుంది, వెనక ఉంటే అంత పోతుంది. మా 60 పౌండ్ల బ్యాటరీ ఇరుసుకి 35 అంగుళాల వెనక, అంటే నొగ మీద నుంచి దాదాపు 19 పౌండ్లు తినేస్తోంది. దాన్ని తీసేసి 26 పౌండ్ల లిథియం బ్యాటరీ ఇరుసుకి 80 అంగుళాల ముందు నొగ మీదున్న పెట్టెలో పెడితే ఇంకో 19 కలిసింది. నీళ్లు నింపుకుని వెళ్లడం మానేశాం, క్యాంప్‌గ్రౌండ్‌లో కుళాయి ఉంటుంది కదా, 42 పౌండ్లు ఊరికే మోయడం ఎందుకు. వంట బల్లని నాన్న పలచటి చెక్కతో మళ్లీ చేసి 40 పౌండ్లు తగ్గించాడు. పెనం, కుక్కర్, బియ్యం కార్లోకి. అప్పుడు తూస్తే మొత్తం 950, నొగ మీద 113, పన్నెండు శాతం. అదే దారిలో అదే స్పీడులో మళ్లీ వెళ్లాం, ట్రక్కులు దాటాయి, బండి ఒకసారి ఒణికి ఊరుకుంది. ఓల్డ్ ఫోర్ట్ కొండ మీద ఆరు శాతం ఏటవాలు కూడా దిగాం, గేరు తగ్గించుకుని.

ఇంకా కొత్తగా చేసేవాళ్లు ఇరుసుని మొదటే వెనక్కి పెట్టుకోండి, పెట్టె పొడవులో అరవై శాతం ఇరుసుకి ముందు, నలభై వెనక ఉంటే వంట అర వెనకున్నా ఫర్వాలేదు. మాది బోల్టుల ఫ్రేము కాబట్టి కొంత జరపగలిగాం, వెల్డింగ్ అయిపోతే అంతే. బలం ఎక్కువ ఉంటే మంచిదని 3500 పౌండ్ల ఇరుసు వెయ్యకండి, తేలిక బండి కింద అది అస్సలు వంగదు, గతుకు గతుకుకీ లోపలి అరల మేకులు ఊడి వస్తాయి. చక్రాలు చిన్నవి, పన్నెండు అంగుళాలవి, మైలుకి వెయ్యి దాకా తిరుగుతాయి, కారు చక్రం కన్నా చాలా ఎక్కువ, బేరింగులు వేడెక్కుతాయి. ఆగిన ప్రతిచోటా నాన్న చక్రం నడిమి మీద చెయ్యి పెట్టి చూసేవాడు, "కందెన ఎప్పుడు పెట్టావు" అని.

మన దగ్గర ఆల్టోకో వాగన్ ఆర్‌కో కట్టుకుందాం అని ఆ వ్యాసం చదివి మా బావమరిది విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ ట్రెయిలర్ కూడా చట్టం ప్రకారం వేరే వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి, కారు మాన్యువల్లో లాగే బరువు ఎంతో ఉందో లేదో చూసుకుని ముందు ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి అడుగు, తర్వాత ప్లైవుడ్ కొను అని చెప్పాను.

నాన్న జనవరిలో ఊరెళ్లిపోయాడు, చిత్రిక మాత్రం నా గరాజ్‌లోనే వదిలేశాడు. మీ వ్యాసం వాట్సాప్‌లో పంపితే చదవలేదు, బొమ్మ ఒక్కటే పెద్దది చేసి చూసి ఫోన్ చేశాడు. పేపర్లో సవరణ వేస్తే గనక ఆ చక్రాన్ని ఓ అడుగు వెనక్కి జరిపి, నీళ్ల డబ్బాని ముందుకి తెచ్చి గియ్యమని మీ ఆర్టిస్టు గారికి చెప్పమన్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కేరీ, నార్త్ కరోలినా